సెడేషన్‌లో జ్ఞానదంతం తీయించుకున్న నా అనుభవం

కింద కుడివైపు జ్ఞానదంతం నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. సగం పైకి వచ్చి, మిగతా సగం చిగురు కిందే ఉండిపోయింది. ఆ చిగురు మడతలో మెతుకులు ఇరుక్కుని, కొన్ని నెలలకోసారి వాచిపోయి, నోరు తెరవడమే కష్టమయ్యేది. యాంటీబయాటిక్ వాడితే తగ్గేది, మళ్ళీ వచ్చేది. చివరికి హైదరాబాద్‌లో ఒక నోటి సర్జన్ దగ్గరికి వెళ్ళాను. దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించి, తెర మీద చూపించారు. పన్ను నిటారుగా లేదు, ముందున్న దాని మీదికి వాలిపోయి ఉంది. దాని వేళ్ళకు దగ్గరలోనే, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం వెళ్తోంది. "ఇది మామూలుగా పీకితే రాదమ్మా. చిగురు కోసి, కాస్త ఎముక తీసి, పన్నును ముక్కలు చేసి తీయాలి" అన్నారు.

నాకు డెంటల్ కుర్చీ అంటేనే భయం. ఇంతకుముందు రూట్ కెనాల్ చేయించుకున్నప్పుడు నొప్పి ఏమీ లేకపోయినా, డ్రిల్ చప్పుడుకే గుండె దడ వచ్చి మధ్యలో ఆపమని అడగాల్సి వచ్చింది. ఆ సంగతి చెబితే, అప్పుడు సెడేషన్, అంటే భయం తగ్గడానికి ఇచ్చే తేలికపాటి మత్తు గురించి చెప్పారు. ఇలాంటి భయంతో నొప్పిబిళ్ళల మీదే ఏళ్ళు గడిపేసేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉంటారు. వాళ్ళకు ఉపయోగపడుతుందనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. నొప్పి తెలియకుండా చేసేది చిగుళ్ళ దగ్గర ఇచ్చే మొద్దుబారే ఇంజెక్షనే, అంటే లిగ్నోకైన్. సెడేషన్ ఇచ్చినా ఆ ఇంజెక్షన్ ఇచ్చి తీరాలి. సెడేషన్ చేసే పని వేరు. అది భయాన్ని తగ్గిస్తుంది, ఒళ్ళు వదులయ్యేలా చేస్తుంది, జరుగుతున్నది సరిగా గుర్తుండకుండా చేస్తుంది. "సెడేషన్ తీసుకుంటే ఏమీ తెలియకుండా నిద్రపోతాను" అనుకుని వెళ్ళేవాళ్ళకు మధ్యలో డాక్టరు మాట వినిపిస్తే మత్తు పనిచేయడం లేదేమోనని కంగారు పుడుతుంది. నాకు ముందే చెప్పారు కాబట్టి ఆ కంగారు రాలేదు. పిలిస్తే పలికే స్థితిలోనే ఉంచుతారు. మన ఊపిరి మనమే తీసుకుంటాం.

సెడేషన్‌లోనూ రకాలున్నాయి. కొంచెం టెన్షన్ మాత్రమే ఉన్నవాళ్ళకు ముందుగా ఒక మాత్ర ఇస్తారు. ముక్కు మీద మాస్క్ పెట్టి నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ కలిపి పీల్పించడం ఇంకొక పద్ధతి. ఆ గ్యాస్ ఆపేసిన కొద్ది నిమిషాల్లోనే దాని ప్రభావం పోతుంది. ఈ గ్యాస్‌కూ పన్ను పీకడానికీ పాత అనుబంధమే ఉంది. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు దాన్ని పీల్చి, తన పన్నునే తోటి వైద్యుడితో పీకించుకున్నాడు. నాకు చెప్పింది మూడోది, చేతి రక్తనాళంలోకి మిడజోలామ్ అనే మత్తుమందు ఎక్కించే పద్ధతి. పూర్తిగా స్పృహ తప్పించే జనరల్ అనస్థీషియా కూడా ఉంటుంది కానీ, దానికి ఆపరేషన్ థియేటర్ కావాలి, శ్వాసగొట్టం వేయాల్సి ఉంటుంది. నా ఒక్క పన్నుకు అంత అవసరం లేదన్నారు.

ఒప్పుకునే ముందు నేను గట్టిగా అడిగిన ప్రశ్న, మత్తు ఎవరిస్తారని. పన్ను తీసేది ఒకరు, మత్తు ఇచ్చి నా ఊపిరిని కనిపెట్టి ఉండేది ఇంకొకరు అయితేనే చేయించుకుంటానని చెప్పాను. రెండు పనులూ ఒక్కరే చేస్తామంటే నేనైతే ఒప్పుకోను. నోట్లో పని చేస్తున్న మనిషి దృష్టంతా పన్ను మీదే ఉంటుంది. మిడజోలామ్ కొంచెం ఎక్కువైతే ఊపిరి నెమ్మదిస్తుంది, దాన్ని వెంటనే పట్టుకునే మనిషి పక్కనే ఉండాలి. ఆక్సిజన్, మానిటర్, అత్యవసర మందులు అదే గదిలో ఉన్నాయా అని కూడా అడిగాను. ఇలా అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడాల్సిన పని లేదు. మంచి డాక్టర్లు ఈ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెబుతారు.

మత్తు డాక్టరు ముందురోజే ఫోన్ చేసి చాలా అడిగారు. బీపీ, షుగర్, ఉబ్బసం ఉన్నాయా, నిద్రలో గట్టిగా గురక వస్తుందా, నిద్రమాత్రలు గానీ ఆందోళనకు మందులు గానీ వాడుతున్నానా, మద్యం అలవాటుందా, గర్భం వచ్చే అవకాశం ఉందా, జలుబు, దగ్గు ఉన్నాయా అని. మద్యం సంగతి, నిద్రమాత్రల సంగతి చాలామంది దాస్తారట. దాచకూడదు. ఆ మందులతో కలిస్తే మత్తు మోతాదు లెక్కే మారిపోతుంది.

"తెలివి రాకపోతే ఏం చేస్తారు మేడమ్?" అని అడిగాను. "మేం మందు ఒకేసారి ఇచ్చేయమమ్మా. ఒక మిల్లీగ్రాము ఇచ్చి, కాసేపు ఆగి, నువ్వు ఎలా ఉన్నావో చూసి, కావాలంటే ఇంకొంచెం ఇస్తాం. దీనికి విరుగుడు కూడా ఉంది, ఫ్లూమజెనిల్ అని. అది పక్కనే పెట్టుకుంటాం" అన్నారు. ఆ ఒక్క జవాబుతో నా భయం సగం తగ్గింది. మత్తు ఇస్తే జ్ఞాపకశక్తి పోతుందని మా పెద్దమ్మ అన్న మాట కూడా అడిగేశాను. పాత జ్ఞాపకాలకు ఏమీ కాదని, మందు పనిచేస్తున్నంతసేపు జరిగేవే సరిగా గుర్తుండవని చెప్పారు.

ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. ముందురోజు రాత్రి బిర్యానీ లాంటి బరువైన భోజనం వద్దన్నారు. రెండు గంటల ముందు వరకు మంచినీళ్ళు తాగవచ్చు. పాలు, పాలు కలిపిన కాఫీ, టీ మాత్రం తిండి కిందే లెక్క. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంటుంది కాబట్టే ఈ నియమం. ఆకలేస్తోందని ఒక్క బిస్కెట్ తిన్నా చెప్పేయాలి. గోళ్ళరంగు తీసేసి రమ్మన్నారు, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు సరిగా చూపించాలి కదా. చేతులు సులువుగా పైకి మడిచే వదులు బట్టలు వేసుకున్నాను. తోడు మనిషి లేకపోతే అసలు మొదలే పెట్టం అన్నారు. అక్క సెలవు పెట్టి వచ్చింది.

సంతకాల కాగితాలన్నీ మత్తుకు ముందే అయిపోయాయి. పెదవి, నాలుక కొంతకాలం మొద్దుబారి ఉండవచ్చని, చాలా అరుదుగా అది మిగిలిపోవచ్చని అందులో రాసి ఉంది. నా ఎక్స్‌రేలో ఆ నరం ఎక్కడుందో మళ్ళీ చూపించమని అడిగి, చూశాకే సంతకం పెట్టాను.

కుర్చీలో వెనక్కి వాల్చి, ఒక చేతికి బీపీ పట్టీ, వేలికి మీటరు, ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టారు. రెండో చేతికి సూది గుచ్చి, మందు ఎక్కించడానికి కాన్యులా అనే సన్నని గొట్టం ఉంచారు. నాకు నొప్పి అంటూ గుర్తున్నది ఆ సూది ఒక్కటే. "ఇప్పుడు మందు ఇస్తున్నానమ్మా" అన్న కాసేపటికి ఒళ్ళంతా బరువెక్కింది. పైన లైటు కొంచెం మసకగా అనిపించింది. గుండె దడ లేదు. ఇంతసేపూ కుర్చీ చేతుల్ని బిగబట్టిన నా వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. భయపడాల్సిన సంగతులన్నీ ఎదురుగానే ఉన్నాయని తెలుస్తోంది, అయినా భయం రావడం లేదు. ఆ స్థితి నా జీవితంలో ఎప్పుడూ ఎరగను.

ఆ తర్వాత అంతా తునకలు తునకలుగా గుర్తుంది. "నోరు బాగా తెరువమ్మా" అన్న మాట. నోట్లో నీళ్ళు చిమ్మడం, వాటిని గొట్టంతో లాగేయడం. దవడను కిందికి నొక్కుతున్నట్టు గట్టి ఒత్తిడి. డ్రిల్ చప్పుడు విన్నాననే అనిపిస్తుంది కానీ, అది ఎక్కడో పక్క వీధిలో ఎవరో గోడ కొడుతున్నట్టుగా ఉంది. ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియదు. నొప్పి తెలిస్తే ఎడమ చెయ్యి ఎత్తమని ముందే చెప్పారు. ఎత్తాల్సిన అవసరం వచ్చిందో లేదో కూడా నాకు గుర్తు లేదు. మొదట్లో ఒకసారి ఎత్తానట, వెంటనే ఆపి, ఇంకొంచెం మొద్దుబారే మందు ఇచ్చారట. ఇది తర్వాత డాక్టరుగారే చెప్పారు. పని అంతా పది నిమిషాల్లో అయిపోయిందనుకున్నాను. గడియారం చూస్తే దాదాపు గంట.

ఆ తర్వాత జరిగిన సంగతే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. పక్క గదిలో పడుకోబెట్టాక నేను బాగా మేలుకున్నాననే అనుకున్నాను. డాక్టరుగారు వచ్చి జాగ్రత్తలన్నీ చెబుతుంటే తలూపానట, "సరే సార్" అని కూడా అన్నానట. వాటిలో ఒక్క ముక్క గుర్తు లేదు. "అయిపోయిందా అక్కా?" అని అడిగిందే అడిగానట. అక్క ప్రతిసారీ "అయిపోయిందే, పడుకో" అని చెబుతూ ఉందట. బయటికి మామూలుగా కనిపిస్తాం, మాట్లాడతాం, నడుస్తాం, కానీ లోపల ఏదీ నిలవదు. తోడు మనిషి ఎందుకు ఉండి తీరాలో అప్పుడు అర్థమైంది. ఆ రోజు బండి నడపకూడదు, స్టవ్ దగ్గర ఒంటరిగా నిలబడకూడదు, 24 గంటల పాటు కాగితాల మీద సంతకాలు, డబ్బు వ్యవహారాలు పెట్టుకోకూడదు. చంటిబిడ్డ ఉంటే ఆ రాత్రి చూసుకోవడానికి ఇంకొకరిని ఏర్పాటు చేసుకోవాలి. జాగ్రత్తలు కాగితం మీద రాయించుకోండి, అవి మీ తోడు వచ్చినవాళ్ళ చేతిలో పెట్టమనండి.

ఇంటికి వచ్చాక సెడేషన్ వల్ల మిగిలింది నిద్రమత్తు, కొంచెం తల తిప్పడం, అంతే. సాయంత్రానికి అదీ పోయింది. పెదవి మొద్దు మాత్రం మరికొన్ని గంటలు ఉంది. ఆ సమయంలో పెదవి, బుగ్గ తెలియకుండా కొరుక్కునే ప్రమాదం ఉంటుంది కాబట్టి వేడివి, నమిలేవి ముట్టుకోలేదు. మొద్దు పూర్తిగా వదలకముందే నొప్పిమాత్ర వేసుకోమన్నారు, అది చాలా మంచి సలహా. తర్వాత వచ్చే వాపు, నొప్పి సెడేషన్ తీసుకున్నా తీసుకోకపోయినా ఒకటే. రెండో రోజు, మూడో రోజు బుగ్గ బాగా ఉబ్బింది, నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోలేదు. చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం మీద గడిపాను. ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు, సిగరెట్ అసలే వద్దు. గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే ఎముక బయటపడి భరించలేని నొప్పి వస్తుంది. ఒక్క రోజు ఆగి గోరువెచ్చని ఉప్పునీళ్ళు మెల్లగా పుక్కిలించడం మొదలుపెట్టాను. వారానికి కుట్లు విప్పారు. పెదవికి స్పర్శ మామూలుగానే ఉందని దూదితో తాకి చూశారు.

ఎడమవైపు పన్ను కూడా వాలే ఉంది. దాన్ని కూడా ఇదే పద్ధతిలో, అదే మత్తు డాక్టరుగారు ఉన్న రోజునే తీయించుకుంటానని చెప్పాను. అక్కను ఇప్పుడే సెలవు అడిగి పెట్టుకోమన్నాను.