మంట ఆరింది, నిప్పు ఆరలేదు

అత్తయ్యగారికి దగ్గు మళ్ళీ మొదలైంది. కిటికీలన్నీ బిగించినా ఆకుల పొగ వాసన ఇంట్లోంచి పోవట్లేదు. పొద్దున వీధి చివర కానుగ ఆకులు ఊడ్చి, కుప్ప పోసి అంటించారు. గట్టిగా అడిగితే ఒక బకెట్టు నీళ్ళు గుమ్మరించి "ఆరిపోయింది కదమ్మా" అనేశారు. ఆరింది మంట. నిప్పు కాదు. ఇప్పుడు రాత్రి 11 అయినా ఆ కుప్ప రగులుతూనే ఉంది.

ఈ రెండూ ఒకటేననుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. మంటంటే, వేడెక్కిన కట్టె వదిలే వాయువులు పైన గాలిలో కాలడం. నిప్పంటే, అవి పోయాక మిగిలిన బొగ్గు తనంతట తాను ఎర్రగా కాలడం. దానికి కాసింత గాలి చాలు. సెగ ఆ రెంటి వేడీ. కుప్ప మీద నీళ్ళు గుమ్మరిస్తే పై ఆకులు తడిసి అట్టకడతాయి, అడుగున నిప్పుకి దుప్పటి కప్పినట్టవుతుంది. లోపల గాలి చాలక సగం సగం కాలుతుంది కాబట్టే అంత పొగ. పారతో కుప్పను పల్చగా లాగాలి, కొద్దికొద్దిగా నీళ్ళు చల్లుతూ తిరగెయ్యాలి, మళ్ళీ చల్లాలి. ఆఖరున చెయ్యి వెనకవైపు దగ్గరగా పెట్టి చూడాలి. సెగ తగిలిందా, ఇంకా నిప్పున్నట్టే. అసలు కాల్చడమెందుకు? గుంత తీసి అందులో వేస్తే ఆకులు ఎరువయ్యేవి.

మూకుడులో నూనె అంటుకుంటే మాత్రం అది అచ్చంగా మంట సంగతి. స్టవ్ కట్టేసి, మూత పక్కనుంచి జరిపి మూసేసి, పూర్తిగా చల్లారేదాకా తియ్యకూడదు. తొందరపడి తీస్తే గాలి తగిలి మళ్ళీ భగ్గుమంటుంది. నీళ్ళు అస్సలు పొయ్యకూడదు. నూనె కిందికి దిగి ఆవిరవుతాయి, దాదాపు 1,700 రెట్లు ఉబ్బి మండే నూనెను ఇల్లంతా చిమ్ముతాయి.

అమ్మ రంపపు పొట్టు పొయ్యి గుర్తొస్తోంది. రేకు డబ్బా, అడుగున పక్కకి ఒక రంధ్రం. మధ్యలో సీసా నిలబెట్టి, రంధ్రంలోంచి ఓ గుండ్రటి కర్ర దూర్చి సీసాకి ఆనించాలి. చుట్టూ పొట్టు గుప్పెడు గుప్పెడు వేస్తూ గట్టిగా కూరాలి. నిండాక సీసాని మెల్లగా తిప్పుతూ పైకి, కర్రని బయటికి లాగేస్తే గాలికి దారి ఏర్పడుతుంది. కింద రంధ్రంలో కాగితం వెలిగిస్తే చాలు. కూరడం వదులైతే పొట్టు మధ్యలోకి కూలి దారి మూసుకుపోతుంది. తడి పొట్టయితే పొగే తప్ప రాజుకోదు. మొదటి మంట మీద అన్నం. మంట తగ్గి నిప్పు నిలిచాక పప్పు. ఆఖరి సెగ మీద పాలు, మీగడ అట్టులా కట్టేది అందుకే.

ఇప్పుడు వంటల వీడియోల్లో మంట, నిప్పు, సెగ అన్న మాటలేవీ లేవు, అన్నిటికీ 'హై', 'సిమ్'. మంచి మాటలు పోయాయని బాధగా రాద్దామనే కూర్చున్నాను. రాస్తుంటే అలా అనిపించట్లేదు. గ్యాసు పొయ్యి మీద ఉన్నదే మంట ఒక్కటి, పెంచడమూ తగ్గించడమూ తప్ప ఇంకేం లేదు. దానికి సిమ్ అన్న మాట సరిగ్గానే ఉంది. బొగ్గూ కట్టే ఉన్నచోట పాత మాటలూ బాగానే ఉన్నాయి. రంజాన్ నెలలో హలీం బట్టీల దగ్గర ఓసారి నిలబడి వింటే చాలు.

అంత దూరమెందుకు, మా గేటు పక్క ఇస్త్రీ అన్నే ఉన్నాడు. సాయంత్రం తొందరగా కావాలంటే "అగ్గి ఇంక కాలే మేడం, మంట పోవాలె" అన్నాడు. బొగ్గుల మీద మంట ఉండగా పెట్టె మూస్తే పక్క కంతల్లోంచి రవ్వలు లేచి బట్ట మీద పడతాయి. అంచులు తెల్లబడేదాకా ఆగాలి. అలాగని వదిలేస్తే నివురు కప్పేసి సెగ అడుగు రేకుకి దిగదు. అందుకే మధ్యమధ్యలో బండికి దూరంగా తీసుకెళ్ళి, మూత తెరిచి అట్టముక్కతో విసురుతాడు. బట్టల దగ్గరే విసిరితే బూడిదంతా వాటి మీదే. చొక్కాలు, లుంగీలు ఎన్నైనా తీసుకుంటాడు గానీ పట్టుచీర ఇవ్వబోతే వద్దంటాడు. ఒక్క రవ్వ పడితే బొక్కే, ఇంట్లో కరెంటు పెట్టెతో చేసుకోమంటాడు.