డెంగీ బుర్రకథ: నవ్వు ఎక్కడ పుట్టాలి?

బుర్రకథకి ముగ్గురు కావాలి. తంబురా పట్టి కథ నడిపే కథకుడు, గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు. ఒక వంతది హాస్యం, రెండో వంతది రాజకీయం. చెప్పేవాడు, తెలియక అడిగేవాడు, "మరి మన ఊరి సంగతేంటి?" అని నిలదీసేవాడు. సైన్సు చెప్పడానికి ఇంతకన్నా అమరిక ఉన్న కళ మనకి లేదనుకుంటాను. అయినా ఆరోగ్య బుర్రకథలు చాలావరకు కరపత్రానికి తందాన తాన తగిలించినట్టే ఉంటాయి. పది నిమిషాల ఉపన్యాసం, మధ్యలో దానితో పొత్తులేని జోకు. జనం జోకు ఇంటికి పట్టుకెళ్తారు, ఉపన్యాసం పందిట్లోనే వదిలేస్తారు.

అందుకే అసలు సంగతిలోంచే నవ్వు పుట్టాలి. ఉదాహరణకి:

హాస్యం: "మా ఇంటి చుట్టూ చుక్క మురుగు లేదు, తెలుసా?"
ఆడదోమ: "అందుకేగా నాయనా, వెతుక్కుంటూ వచ్చాను!"

డెంగీని మోసే ఏడిస్ దోమ నిల్వ ఉన్న శుభ్రమైన నీళ్ల పక్కన గుడ్లు పెడుతుంది. డ్రమ్ము, కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే, పాత టైరు, కొబ్బరి చిప్ప దాని పురిటిళ్లు. మురుగు ఇష్టపడేది క్యూలెక్స్ అనే వేరే రకం దోమ. డెంగీ కథలో మురుగుకాలువని చూపించారంటే, జనం మున్సిపాలిటీని తిట్టుకుంటూ డ్రమ్ము పక్కనే కూర్చుంటారు.

కథ దగ్గర ఎక్కువమంది చేసే తప్పు కాలం లెక్క. సాయంత్రం దోమ కుడుతుంది, పొద్దునకల్లా జ్వరం! అలా జరగదు. జ్వరమున్న మనిషిని కుట్టిన దోమలో వైరస్ పెరిగి ఇంకొకరికి అంటడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ దోమ కుట్టాక జ్వరం రావడానికి మరో 4 నుంచి 10 రోజులు. ఈ లెక్కకి మన పెళ్లి తంతు అచ్చంగా సరిపోతుంది. పెళ్లికి జ్వరంతో వచ్చిన బాబాయి, పందిరి వెనక మూతలేని డ్రమ్ములు, పదహారు రోజుల పండుగనాటికి మంచం పట్టిన కొత్త అల్లుడు. అత్తగారు దిష్టి తీస్తుంటే హాస్యం వంత వేళ్లు మడిచి రోజులు లెక్కపెడతాడు. జనం కూడా లెక్కపెడతారు. దిష్టి తీసేవాళ్లని మాత్రం వెక్కిరించకూడదు. ముందు వరసలో కూర్చున్నది వాళ్లే.

రెండో ముఖ్యమైన ముక్క గుడ్లది. ఏడిస్ గుడ్లు నీటి అంచుకి కాస్త పైన, పాత్ర గోడకి అతుక్కుంటాయి. ఎండినా నెలల తరబడి బతికి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి "నీళ్లు పారబోయండి" అని ఊరుకుంటే సగం సలహానే. పీచుతో గోడ రుద్దాలి. గుడ్డు దోమ అవడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికోసారి. దీన్ని వంత పాటలో పెట్టి నాలుగైదు చోట్ల తిప్పండి: "వారానికోసారి వొంపరా, గోడంతా పీచేసి రుద్దరా". ఇరవై నిమిషాల కథలో మూడు సంగతులకి మించి పెట్టొద్దు. సంగతి పలికే ముందు గుమ్మెట ఆపాలి, వాయిద్యంలో అంకెలు మునిగిపోతాయి.

డ్రమ్ములోంచి తీసిన లార్వాల్ని, అంటే నీళ్లలో ఈదే దోమ పిల్లల్ని, పారదర్శకమైన సీసాలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, వెనక టార్చి వెలిగించండి. సీసాని తడితే అన్నీ గింజుకుంటూ అడుక్కి దిగుతాయి, కాసేపటికి గాలికోసం తోకలు పైకెత్తి తలకిందులుగా వేలాడతాయి. పిల్లలు విరగబడి నవ్వుతారు. "ఊపిరి తోకతోనా?" అని హాస్యం వంత ముక్కు మూసుకోవాల్సింది అప్పుడే. ఆట అయ్యాక ఆ నీళ్లు ఎండు నేలమీదే పోయాలి.

దోమకి పగ, కసి అంటగట్టొద్దు. ఆడదోమ రక్తం తాగేది గుడ్ల కోసం. మగదోమ పూలతేనెతో సరిపెట్టుకుంటుంది. దోమ మొగుడు పెళ్లాన్ని బతిమాలే ఘట్టానికి అది చాలు.

జోకు నిలిచిందో లేదో తెలియాలంటే, ఆట ముగిశాక ఇద్దరు ముగ్గురిని అదే జోకు తిరిగి చెప్పమనండి. డ్రమ్ము ఊసు లేకుండా చెప్పగలిగితే ఆ జోకు తీసేసి ఇంకోటి రాయండి.