ఇరవై మంది క్లాసులో దాక్కోవడం కుదరదు

ఫౌండేషన్ ప్రోగ్రాంలో పాఠాలు చెప్తాను అనగానే ఎదుటివాళ్ళ మొహంలో కొంచెం జాలి కనిపిస్తుంది. చదువులో వెనకబడ్డ పిల్లల కోసం పెట్టిన క్లాసులనుకుంటారు. ఒకావిడ అడిగేసింది కూడా: "మావాడికి మార్కులు బానే వచ్చాయి కదా మేడం, మళ్ళీ పునాది దగ్గర్నుంచి ఎందుకు?"

అలాంటివీ ఉన్నాయి. బ్రిటన్‌లో ఫౌండేషన్ ఇయర్ అంటే ఎక్కువగా డిగ్రీకి ముందు అదనంగా చదివే ఏడాది. నేను చెప్పేది వేరు. డిగ్రీ మొదటి సంవత్సరాన్నే చిన్న గుంపులో చదివించడం. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం దేనికది విడిగా చెప్పకుండా ఒకే అంశం చుట్టూ నడుపుతారు. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనేవాళ్ళూ ఉన్నారు. కానీ కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ ఇలాంటిదే ఆర్ట్స్ వన్ అనే పేరుతో 1967 నుంచి నడుపుతోంది. అందరికీ కలిపి ఒక లెక్చర్, ఇరవై మంది కూర్చుని చర్చించే సెమినార్, నలుగురితో ట్యుటోరియల్. కెనడాలోనే హాలిఫాక్స్‌లో కింగ్స్ కాలేజీ ఫౌండేషన్ ఇయర్ 1972లో మొదలైంది. మేం పాటించేదీ ఇంచుమించు ఈ వరసే.

ఈ మూడింట్లో నాకు ఇష్టమైనది ట్యుటోరియల్. నలుగురు పిల్లలు, నేను. ఇద్దరు వ్యాసాలు రాసి ముందురోజే పంపిస్తారు, మిగతా ఇద్దరు చదివి ప్రశ్నలతో వస్తారు. స్కూల్లో వ్యాసం టీచర్ కోసం రాస్తారు. ఎర్ర ఇంకు చూసుకుని, మార్కులు లెక్కపెట్టుకుని పక్కన పడేస్తారు. ఇక్కడ తోటివాడు చదివాడు, ఎదురుగా కూర్చున్నాడు. మొన్న ఒకబ్బాయి వ్యాసం "అనాదిగా మానవుడు న్యాయం కోసం తపిస్తూనే ఉన్నాడు" అని మొదలైంది. పక్కనున్న అమ్మాయి మెల్లగా అడిగింది, "ఈ వాక్యం తీసేస్తే నీ వ్యాసంలో ఏమైనా తగ్గుతుందా?" అని. అతను కాసేపు చూసి కొట్టేశాడు. ఆ మాటే నేను మార్జిన్‌లో రాసి ఉంటే రెండో వ్యాసమూ అనాదిగానే మొదలయ్యేది!

మాట్లాడని పిల్లల సంగతి వేరే. చిన్న క్లాసైతే అందరూ నోరు విప్పుతారని బ్రోషర్లలో రాస్తారు గానీ, కొందరికి మొదటి నెల నరకమే. మూడు వందల మంది హాల్లో చివరి బెంచీ అయినా ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. అలాంటివాళ్ళని నేను పేరు పెట్టి పిలవను. "వచ్చేవారం మొదటి ప్రశ్న నువ్వు తీసుకురా" అని ముందే చెప్పి ఉంచుతాను. రాసుకొచ్చిన కాగితం చేతిలో ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇక పెద్ద హాల్లో ఒకరు రావడం మానేస్తే పరీక్ష ఫలితాలదాకా ఎవరికీ తెలియదు. మా దగ్గర రెండో క్లాసుకే ఎవరో ఒకరు "వాడేడి?" అంటారు. నన్నడిగితే ఈ ప్రోగ్రాం పెట్టడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

అందుకే "ఇంకో ఐదుగురేగా, సర్దుకోండి" అని ఆఫీసు నుంచి కబురొస్తే ఒళ్ళు మండుతుంది. యాభై నిమిషాల సెమినార్‌లో ఇరవై మంది ఉంటే మనిషికి రెండున్నర నిమిషాలు. ఐదుగురు ఐదుగురే చేరి ముప్పై ఐదు మందయితే నిమిషన్నర కూడా రాదు. వ్యాసానికి అరగంట చొప్పున దిద్దినా ఇరవైకి పది గంటలు, ముప్పై ఐదుకి పదిహేడున్నర. అప్పుడు ఎవరైనా చేసేది ఒకటే: వ్యాసాల సంఖ్య తగ్గించేస్తారు. బయట బోర్డు మీద మాత్రం చిన్న క్లాసులనే ఉంటుంది.

మా ప్రోగ్రాంని ఇంకో రకం కోర్సు అనుకుని పొరబడేవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో సౌత్ కరోలినా యూనివర్సిటీలో 1970లో విద్యార్థుల ఆందోళన జరిగాక, 1972లో యూనివర్సిటీ 101 అని పెట్టారు. క్యాంపస్‌కి అలవాటుపడటం, చదువుకునే పద్ధతి, ఎవరిని సాయం అడగాలి, ఇవన్నీ అందులో చెప్తారు. మంచిదే, ఆ తర్వాత ఎన్నో చోట్ల అలాంటివి వచ్చాయి. కానీ అది ఫస్టియర్‌కి పక్కన జోడించిన ఒక కోర్సు. మాది ఫస్టియర్ చదువులో చాలా భాగం.

సెకండియర్‌లో ఈ పిల్లలే పెద్ద హాళ్ళకి వెళ్ళి విలవిల్లాడతారన్న మాట నిజమే. చెయ్యెత్తితే పట్టించుకునేవాళ్ళుండరు. కొన్ని గుంపులు మాత్రం చెదిరిపోవు. వ్యాసం గడువు దగ్గరపడితే ఇప్పటికీ ఒకరివి ఒకరు చదువుకుంటారు, అప్పుడప్పుడు నాకూ పంపుతారు (జీతం లేని పని, అయినా చదువుతాను).

మీ పిల్లల్ని చేర్చే ముందు అక్కడివాళ్ళని కొన్ని అడగండి. సెమినార్‌లో అసలు ఎంతమంది? ఏడాదంతా ఒకే టీచరా, సెమిస్టర్‌కి మారతారా? వ్యాసాలు దిద్దేది పాఠం చెప్పే మనిషేనా? క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయా? నాలుగింట్లో మూడో ప్రశ్నకి నసిగితే మాత్రం ఇంకోచోట చూసుకోండి.