పైపు కదలదు సరే, చిల్లు కదలదా?

పార్టికల్ యాక్సిలరేటర్ మీద పనిచేస్తున్నానంటే ఫిజిక్స్ చదివావా అని అడుగుతారు. నేను మెకానికల్ ఇంజనీర్‌ని. కణాల జోలికి పోను. వాటిని దారిలో పెట్టే సూపర్‌కండక్టింగ్ అయస్కాంతాలు (బాగా చల్లబరిస్తేనే కరెంటుని అడ్డు లేకుండా పోనిచ్చేవి) ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. ఆ హీలియం దగ్గరికి బయటి వేడి చేరకుండా చూడటం నా పని.

ద్రవ హీలియం మామూలు పీడనంలో 4.2 కెల్విన్ దగ్గర మరుగుతుంది. అంటే మైనస్ 269 డిగ్రీల సెల్సియస్. గ్రాము నీళ్లను ఆవిరి చేయడానికి 2,250 జౌళ్లు కావాలి, గ్రాము హీలియంకి 20 చాలు. ఒక్క వాటు వేడి లోపలికి పాకినా గంటకి దాదాపు 1.4 లీటర్ల ద్రవం ఆవిరైపోతుంది. ఆ వాటుని తిరిగి బయటికి తోడాలంటే పెద్ద ప్లాంటుకి కూడా రెండు వందల వాట్ల పైచిలుకు కరెంటు పడుతుంది. అందుకే ఒక్కో వాటునీ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటాం.

నన్ను వేడి కన్నా ఎక్కువ సతాయించేది మాత్రం సంకోచం. ఇంత చలికి స్టెయిన్‌లెస్ స్టీలు మీటరుకి 3 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది, అల్యూమినియం 4 దాకా పోతుంది. జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన కేంద్రంలోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే యాక్సిలరేటర్ చుట్టుకొలత 27 కిలోమీటర్లు. దాని అయస్కాంతాలను 1.9 కెల్విన్‌కి చల్లబరిస్తే అవన్నీ కలిపి తగ్గే పొడవు 80 మీటర్ల దాకా ఉంటుంది. ఆ తగ్గుదలనంతా అయస్కాంతానికీ అయస్కాంతానికీ మధ్య అకార్డియన్ తిత్తిలా సాగే బెల్లోస్ భరిస్తాయి. వాటిని తలుచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

ఇంక నా సంగతి. 8 మీటర్ల క్రయోస్టాట్ ఒకటి, అంటే అయస్కాంతాన్ని చల్లగా ఉంచే పెద్ద ఫ్లాస్కు లాంటిది. బయట వ్యాక్యూమ్ ట్యాంకు, దాని లోపల బయటి వేడిని అడ్డుకుంటూ 50 కెల్విన్ దగ్గర ఉండే అల్యూమినియం షీల్డు, దాని లోపల 4.5 కెల్విన్‌లో అయస్కాంతం. వీటి మధ్య పొరలు పొరలుగా మెరిసే ఇన్సులేషన్ చుట్టి ఉంటుంది. ఒక చివర హీలియం పైపు షీల్డుకి ఉన్న చిల్లులోంచి నిలువుగా పైకి వస్తుంది. ఆ పైపు డిజైన్ నాది.

పైపుని సరిగ్గా ఆ చివరే బిగించాం. బిగించిన చోట పైపు కదలదు. కాబట్టి చిల్లుకీ పైపుకీ మధ్య చుట్టూ 10 మిల్లీమీటర్ల ఖాళీ చాలనుకున్నాను. ఖాళీ ఎంత పెద్దదైతే అందులోంచి అంత వేడి రేడియేషన్ రూపంలో దూరుతుంది, అందుకని వీలైనంత తగ్గించాను కూడా.

చల్లబరిచాం. హీలియం మట్టం నిలకడగా ఉంచి, ఎంత ఆవిరవుతోందో కొలిచాం. నా లెక్క ప్రకారం లోపలికి 8 వాట్ల వేడి రావాలి. 13 వచ్చింది. మళ్లీ కొలిచాం. మళ్లీ 13. ఆ రెండు రాత్రులూ టెన్షన్‌తో నిద్ర లేదు. లెక్కల షీటు మొదటి గడి నుంచి తిరగేశాను. ఎక్కడా తప్పు కనబడలేదు.

దారి చూపించింది మా టెక్నీషియన్. చల్లబరిచిన రోజుల గ్రాఫులన్నీ తెరిచి, "సార్, షీల్డు మీద సెన్సార్లన్నీ ఒకే వరసలో దిగుతున్నాయి. ఈ చివరిది చూడండి, 150 దాకా వాటితోనే ఉంది, అక్కణ్నుంచి విడిపోయింది" అన్నాడు. నిజమే. మిగతావి 50 దగ్గర ఆగితే అదొక్కటే 41కి దిగింది. షీల్డుని అక్కడ ఏదో చల్లటిది తాకుతోంది.

"మీ పైపేనేమో" అన్నాడు.

"అక్కడ పైపు కదలదయ్యా, బిగించి ఉంది."

"పైపు కదలదు సరే సార్, చిల్లు కదలదా?"

నాకు నోట మాట రాలేదు. షీల్డుని బిగించింది మధ్యలో. చల్లబడితే దాని రెండు చివరలూ మధ్యకి జరుగుతాయి. నా చిల్లు మధ్య నుంచి మూడున్నర మీటర్ల దూరంలో ఉంది. మీటరుకి 4 చొప్పున 14 మిల్లీమీటర్లు. నేను వదిలింది 10. ఆ 10 ఎప్పటికి అయిపోయిందా అని అల్యూమినియం పట్టిక తీసి చూస్తే, దాదాపు 150 కెల్విన్ దగ్గర! గ్రాఫు విడిపోయిన చోటే. ముచ్చెమటలు పోశాయి. అయినా, నిజం చెప్పాలంటే, అంత స్పష్టంగా ఒక యంత్రం తన బాధ తానే చెప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. సంతోషం కూడా వేసింది.

వెచ్చబెట్టి తెరవడానికి వారం పట్టింది. పైపు చుట్టూ ఉన్న ఇన్సులేషన్ ఒక పక్క నెలవంక ఆకారంలో నలిగిపోయి ఉంది. వెంట్రుక కన్నా పలచని ఆ రేకులు విడివిడిగా ఉన్నంతసేపే పనిచేస్తాయి. అక్కడ అన్నీ అణిగి ఒకే ముద్దయ్యాయి. వేలితో తడిమితే అంచు గరుగ్గా తగిలింది. నెలవంక బయటి పక్కనే ఉంది, లెక్క చెప్పినట్టే.

చిల్లుని బయటి పక్కకి సాగదీసి కోడిగుడ్డు ఆకారంలో కోయించాం, ఇన్సులేషన్ కొత్తది చుట్టాం. ఇప్పుడు డ్రాయింగులో ప్రతి చిల్లునీ రెండుసార్లు గీస్తున్నాను, గది వేడిలో ఎక్కడుంటుందో నల్లగీతతో, చల్లబడ్డాక ఎక్కడికి జరుగుతుందో నీలిగీతతో. మొదటి షీటు ఆ టెక్నీషియన్‌కే చూపించాను. ఇంకో రెండు చోట్ల వేలు పెట్టి, "ఇక్కడ ఇంకో రెండు మిల్లీమీటర్లు ఇవ్వండి సార్" అన్నాడు. ఇచ్చాను.

మళ్లీ చల్లబరిస్తే 8.5 వాట్లు వచ్చింది. ఆ మిగిలిన అర వాటు సెన్సార్ తీగల మీదుగా దిగుతోందని నా అనుమానం. తర్వాతి క్రయోస్టాట్‌లో ఆ తీగల కట్టను షీల్డుకి ఇంకో మీటరు పొడవున అతికించి, వాటి వేడి అక్కడే వదిలించాకే లోపలికి పంపుతాం. తీగలు నిన్ననే వచ్చాయి.