నా ఎడిటింగ్ టేబుల్ కిందికి రెయిడ్ బాక్స్ వచ్చిన వైనం

ఏ ఫుటేజ్ ఏ హార్డ్‌డిస్కులో ఉందో వెతుక్కోవడమే ఒక పనైపోయాక, ఇక చాలా డిస్కులను ఒకే పెద్ద డిస్కులా కలిపి వాడుకునే రెయిడ్ బాక్స్ కొనక తప్పదనిపించింది. తీరా చూడబోతే ప్రకటనలన్నీ ఒకటే పాట: సెకనుకు 2,800 మెగాబైట్లు! అంత వేగంతో నాకు పనుందా లేదా అన్నది ముందు తేల్చుకుందామని కూర్చున్నాను.

లెక్క ఏమంత కష్టం కాదు. నేను ఎక్కువగా ఎడిట్ చేసేది యాపిల్ వాళ్ల వీడియో ఫార్మాట్ ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో, 4కె, సెకనుకు 30 ఫ్రేములు. యాపిల్ పట్టికలో దాని డేటా రేటు సెకనుకు 884 మెగాబిట్లు అని ఉంది. ఎనిమిదితో భాగిస్తే సుమారు 110 మెగాబైట్లు. ఇంటర్వ్యూలకు నాలుగు కెమెరాలు పెడతాం, మల్టీక్యామ్‌లో నాలుగూ కలిసి ప్లే అవ్వాలి. అంటే 440. ఒక్క 7,200 ఆర్‌పీఎం డిస్కు 200, 250 ఇస్తే గొప్ప, అదీ ఖాళీగా ఉన్నప్పుడు. నిండేకొద్దీ డేటా లోపలి ట్రాకుల్లోకి చేరి వేగం బాగా తగ్గిపోతుంది. పైగా నాలుగు ఫైళ్ల కోసం హెడ్ అటూ ఇటూ పరుగులు పెట్టాలి. కాబట్టి ఒక డిస్కుతో కాదు, కానీ మామూలు డిస్కులే ఓ ఆరు కలిస్తే చాలు. ఆ 2,800 అంకె ఎస్‌ఎస్‌డీలు నింపుకునేవాళ్ల కోసం.

కెమెరా బాగా కుదించి ఇచ్చిన హెచ్.265 ఫైళ్లనే నేరుగా ఎడిట్ చేసేవాళ్లయితే ఈ ఖర్చుకు ముందు ఓసారి ఆగి చూసుకోవాలి. ఆ ఫైళ్ల డేటా రేటు చాలా తక్కువ. టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోందంటే సాధారణంగా తడబడేది డీకోడ్ చేయలేని ప్రాసెసరే. ఎంత పెద్ద బాక్స్ పెట్టినా అది మారదు, ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికైన నకలు ఫైళ్లు, చేసుకుంటే మారుతుంది.

తర్వాత ఏ రెయిడ్, అంటే డిస్కులను ఏ పద్ధతిలో కలపాలి అన్న ప్రశ్న. రెయిడ్ 0లో ఒక్క డిస్కు పోతే మొత్తం పోయినట్టే, క్లయింటు ఫుటేజ్‌ని అందులో ఉంచడం కొరివితో తల గోక్కోవడమే. రెయిడ్ 10 అంటే సగం జాగా నకలు కాపీకే పోతుంది. మిగిలినవి 5, 6: మొదటిది ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది, రెండోది రెండు పోయినా. ఆరు 16 టెరాబైట్ల డిస్కులతో రెయిడ్ 5 అయితే 80 టెరాబైట్లు, రెయిడ్ 6 అయితే 64 చేతికొస్తాయి. ఆ 16 టెరాబైట్లు వదులుకోవడానికి మొదట మనసొప్పలేదు. కానీ ఒక డిస్కు పోయి కొత్తది పెడితే, పోయిన డేటాతో దాన్ని తిరిగి నింపే రీబిల్డ్‌కు సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున అయినా 22 గంటలు పడుతుంది. మనం పని ఆపకపోతే ఇంకా ఎక్కువ. అంతసేపూ మిగతా డిస్కులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదువుతూనే ఉండాలి. అన్నీ ఒకే రోజు కొన్నవి, ఒకే వయసువి. అప్పుడే రెండోది మొరాయిస్తే? రెయిడ్ 6కే ఓటేశాను.

డిస్కుల విషయంలో పట్టుబట్టింది ఒక్కటే, సీఎంఆర్, అంటే ట్రాకులు విడివిడిగా ఉండే రకం, కావాలి. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, రీబిల్డ్ సమయంలో అవి నత్తనడక నడుస్తాయి.

అసలు టెన్షన్ బాక్సులో డిస్కులను నడిపించే కంట్రోలర్ గురించి. డిస్కులన్నీ బాగానే ఉండి బాక్సే పాడైతే, వాటిని వేరే బాక్సులో పెట్టి చదవొచ్చా? చాలా హార్డ్‌వేర్ రెయిడ్లలో అదే కంపెనీ బాక్స్ దొరికితేనే చదవగలం. ఈ ప్రశ్నకు ఒక అమ్మకందారు సూటిగా జవాబివ్వలేదు, ఆ మోడల్‌ని పక్కన పెట్టేశాను. కొత్త మోడల్‌లోకి మార్చినా డిస్కులు పనిచేస్తాయని రాతపూర్వకంగా చెప్పినవాళ్ల దగ్గర తీసుకున్నాను.

థండర్‌బోల్ట్ 3 కనెక్షన్‌తో కంప్యూటర్‌కు తగిలించేదే కొన్నాను. ఆరు హార్డ్‌డిస్కులకు 10 గిగాబిట్ల యూఎస్‌బీ సరిపోతుంది నిజానికి, కాకపోతే రేపు ఇంకో బాక్స్ దీని వెనకే తగిలించుకోవచ్చు. ఫ్యాన్ మోత ఎక్కువ కాబట్టి టేబుల్ కింద దూరంగా పెట్టాలి, అందుకు రెండు మీటర్ల కేబుల్ కావాలి. అంత పొడవులో పూర్తి 40 గిగాబిట్లు రావాలంటే లోపల సిగ్నల్‌ని బలపరిచే చిప్ ఉన్న యాక్టివ్ కేబులే తీసుకోవాలి. మామూలుది చూడ్డానికి అలాగే ఉంటుంది, వేగం మాత్రం సగం.

అసలు ఫుటేజ్ ఎక్కించక ముందే పరీక్ష పెట్టాను. కాపీ ఫైళ్లతో నాలుగు కెమెరాల టైమ్‌లైన్ ప్లే చేస్తూ, మూడో డిస్కు ట్రే చటుక్కున లాగేశాను. ఎర్ర లైటు వెలిగింది, బాక్స్ బీప్ బీప్ అంటూ గోల మొదలెట్టింది. వీడియో మాత్రం ఆగలేదు. బీప్ ఆపే బటన్ వెనకాల, పవర్ స్విచ్ పక్కనే ఉందని అప్పుడే తెలిసింది. కంగారులో ఏది నొక్కుతామో చెప్పలేం, అందుకని పవర్ స్విచ్ మీద రంగు టేప్ అంటించాను. ట్రే తిరిగి పెడితే రీబిల్డ్ దానంతటదే మొదలై మర్నాటి సాయంత్రం దాకా సాగింది. హెచ్చరిక ఈమెయిల్ స్పామ్‌లో పడి ఉంది, దాన్నీ సరిచేశాను.

బ్యాకప్ వేరే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ దాన్ని ఆరు డిస్కుల్లోంచీ బుద్ధిగా తుడిచేస్తుంది. పాత విడి డిస్కులు ఇప్పుడు ఆ పనికే పెట్టాను. పూర్తయిన ప్రాజెక్టు రెండు కాపీలయ్యి, అందులో ఒకటి వేరే చోటికి చేరాకే బాక్సులోంచి తీసేస్తున్నాను.