నేలచూపుల రోజులు

బీచ్ రోడ్డులో సాయంత్రం నడుస్తుంటే కుడికంట్లో మెరుపులు. పైకి చూస్తే మబ్బు కూడా లేదు. కళ్ళజోడు షాపతను "వయసండి, నంబరు మారుంటుంది" అన్నాడు. నాకూ అలా నమ్మడమే హాయిగా ఉంది. నాలుగో రోజుకి చూపులో కింది నుంచి నల్లటి తెర లేచింది. కంటి వెనక ఉండే పొర, రెటీనా ఊడింది, రేపే ఆపరేషన్ అన్నారు డాక్టరుగారు.

కంట్లో గ్యాస్ నింపుతారు. ఆ బుడగ పైకి తేలి రెటీనాని వెనక గోడకి అదిమి ఉంచాలంటే మనిషి బోర్లా ఉండాలి. నాకైతే వారం. గ్యాస్ కరిగేదాకా విమానం వద్దు, కొండలూ వద్దన్నారు. ఎత్తుకి వెళ్తే బుడగ ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరుగుతుందట. బావమరిది వేసిన అరకు ప్లాను అలా పోయింది.

ఆపరేషన్ ముందు రోజే పెదవాల్తేరులో మా ఇంటి మెట్ల కింద వీధికుక్క ఆరు పిల్లల్ని పెట్టింది. బోర్లా పడుకుని వాటి కుయ్‌కుయ్‌లు వినడమే నా పని. పాపం, వాటికి అదీ వినపడదు. పుట్టినప్పుడు కళ్ళతో పాటు చెవులూ మూసుకునే ఉంటాయి. వాసన, వెచ్చదనం పట్టుకుని తల్లి దగ్గరికి పాకుతాయి.

"తొమ్మిదో రోజొచ్చేసరికి ఒకదాని రెప్ప ఉబ్బిపోయిందండీ" అంది మా ఆవిడ. రెప్ప తెరుచుకోకముందే లోపల చీము పట్టిందట. వదిలేస్తే కన్నే పోవచ్చన్నారు పశువుల డాక్టరు. గోరువెచ్చని తడిగుడ్డతో మెత్తబరిచి, రెప్ప ఆయనే విడదీసి కడిగారు. "మీరు మాత్రం వేళ్ళతో లాగకండి" అని ఆయింట్‌మెంట్ ఇచ్చారు. నా చుక్కల మందు, దాని ట్యూబు ఒకే కిటికీలో. ఏది ఎవరికి వేస్తుందోనని నాకు ఒకటే టెన్షన్.

పన్నెండో రోజుకి మిగతావాటి రెప్పలు ముక్కు వైపు నుంచి సన్నగా విచ్చుకున్నాయి. లోపల పొగలాంటి నీలం. వెలుగు తగిలితే ముడుచుకుంటున్నాయి కానీ మనిషిని పోల్చేంత చూపు లేదు. నాకు అప్పటికి పైసగం కనిపిస్తోంది. కిందిసగంలో గ్యాస్ బుడగ సీసాలో నీళ్ళలా ఊగుతోంది. రోజూ ఆ మట్టం దిగి, చివరికి గోళీ అంతయి, ఒక పొద్దున అదీ లేదు.

అయిదో వారానికి ఆ మందు వేసిన పిల్ల గేటు దగ్గర్నుంచే నా చెప్పుని చూసి పరిగెత్తుకొచ్చి కరిచింది. గేటు ఊచలు నాకింకా కొంచెం వంకరగానే కనిపిస్తున్నాయి. జనవరిలో కొత్త నంబరు రాస్తామన్నారు.