గోడ కదలికల నుంచి మట్టి గుణాలు రాబట్టిన నా అనుభవం

పక్క మట్టి కూలకుండా గోడ నిలబెట్టి చేసే లోతైన తవ్వకం మొదలయ్యేసరికి మా చేతిలో ఉన్నవి కొన్ని బోర్‌హోల్ రిపోర్టులు, ఎస్‌పీటీ విలువలు (గొట్టం మట్టిలోకి దిగడానికి ఎన్ని సుత్తి దెబ్బలు పట్టాయన్న లెక్క), కాసిన్ని ల్యాబ్ పరీక్షలు. డిజైన్‌లో మెత్తటి బంకమట్టి స్టిఫ్‌నెస్‌ని, అంటే ఒత్తిడికి లొంగకుండా ఉండే గట్టిదనాన్ని, దాని అన్‌డ్రెయిన్డ్ బలానికి (లోపలి నీరు బయటికి పోయే వ్యవధి లేనప్పుడు ఉండే బలం) 300 రెట్లుగా తీసుకున్నారు. 200 అన్నా, 600 అన్నా తప్పని ఎవరూ అనలేరు. కానీ దాన్నిబట్టి గోడ ఎంత కదులుతుందన్న లెక్క పూర్తిగా మారిపోతుంది. గోడ లోపలికి ఒరగకుండా అడ్డంగా పెట్టే ఉక్కు దూలాలు, అంటే స్ట్రట్‌లు, రెండో వరుస బిగించాక ఇన్‌క్లినోమీటర్ (గోడ ఏ లోతులో ఎంత వంగిందో కొలిచే పరికరం) రీడింగులు డిజైన్ అంచనాను దాటాయి. ఇంకా తవ్వాలా, ఆపాలా అని అందరికీ టెన్షన్. కొలిచిన కదలికల నుంచి వెనక్కి లెక్కకట్టి మట్టి గుణాలు రాబట్టే పని, అంటే బ్యాక్ అనాలిసిస్, నా మీద పడింది.

సాఫ్ట్‌వేర్ తెరవకముందే రీడింగులను అనుమానించడం మొదలుపెట్టాను. ఇన్‌క్లినోమీటర్ గొట్టం అడుగు కదలదని అనుకుని అక్కడి నుంచి పైకి లెక్క కడతారు. ఆ అడుగే కదిలితే లెక్కంతా పక్కకి జరుగుతుంది. అందుకే గోడ పై అంచుని టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో కూడా కొలిపించాం. ఎండకి ఉక్కు వ్యాకోచించి మధ్యాహ్నం స్ట్రట్ లోడ్‌లు పెరుగుతాయి కాబట్టి తెల్లవారుజాము రీడింగులే వాడాను. స్ట్రట్‌కీ వేలర్‌కీ (గోడ పొడవునా ఆనించే దూలం) మధ్య సందులుంటే స్ట్రట్ కాగితం మీద ఉన్నంత గట్టిగా పనిచేయదు. అది పట్టించుకోకపోతే లోపమంతా మట్టి ఖాతాలో పడి, మట్టి ఉన్నదానికన్నా మెత్తగా తేలుతుంది. ఎక్కువ సమయం దీనికే పోయింది. నన్నడిగితే అసలు పని ఇదే, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది.

మోడల్‌లో అన్ని గుణాలనూ మారనిస్తే గోడ వంపుకి సరిపోయే జవాబులు ఎన్నైనా దొరుకుతాయి. స్టిఫ్‌నెస్ తగ్గించినా, మట్టిలో ముందే పక్కలకి ఉన్న అడ్డు ఒత్తిడిని పెంచినా గోడ ఇంచుమించు ఒకేలా వంగుతుంది. వాటిని విడదీయడానికి స్ట్రట్ లోడ్‌లూ, గోడ వెనక నేల కుంగుబాటూ కలిపి చూడాల్సి వచ్చింది. చివరికి రెండు బంకమట్టి పొరల స్టిఫ్‌నెస్‌నీ, అడ్డు ఒత్తిడి గుణకాన్నీ (నిలువు ఒత్తిడితో పోలిస్తే అది ఎంతో చెప్పే అంకె) మాత్రమే మారనిచ్చాను. బేయిస్ పద్ధతిలో వాటికి ముందు వెడల్పాటి పరిధి ఇచ్చి, ఒక్కో దశ కొలతలతో సవరించుకుంటూ పోయాను. స్ట్రట్‌లు పడకముందు గోడ ఎక్కువగా పైనే కదిలింది కాబట్టి ఆ రీడింగులు పై పొర గురించే చెప్పాయి. తర్వాత వంపు కిందికి దిగింది. కింది పొర పరిధి అప్పుడే ఇరుకైంది.

“ఇంత తెలిశాక బలం కూడా సవరించేద్దాం” అన్నారు ఒక సీనియర్. నేను ఒప్పుకోలేదు. మట్టి విఫలమయ్యే స్థితికి ఇంకా దూరంగా ఉన్నప్పుడు కదలికల్లో కనిపించేది ముఖ్యంగా స్టిఫ్‌నెస్. బలం గురించి అవి దాదాపు ఏమీ చెప్పవు. 2004 ఏప్రిల్‌లో సింగపూర్‌లో నికోల్ హైవే పక్కన తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. అక్కడా కదలికలు అంచనా దాటాక బ్యాక్ అనాలిసిస్ చేసి, గోడ ఎంతవరకు కదలొచ్చన్న హద్దులు పెంచారు. మట్టి బలాన్ని ఎక్కువగా చూపించిన డిజైన్ పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

తర్వాతి దశలో గోడ ఎంత కదలొచ్చో తవ్వకముందే రాసిచ్చాను, ఒక్క అంకెగా కాకుండా పరిధిగా. 1969 ర్యాంకిన్ ఉపన్యాసంలో మట్టి ఇంజనీర్ పెక్ వివరించిన అబ్జర్వేషనల్ పద్ధతి (కొలుస్తూ, దాన్నిబట్టి పని మార్చుకోవడం) ప్రకారం, హద్దు దాటితే ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి. మేం అదనపు స్ట్రట్‌లు తెప్పించి పెట్టుకున్నాం. కొలత పరిధిలోనే పడింది, కాకపోతే పై అంచుకి దగ్గరగా. తవ్వకం కొనసాగింది. తవ్విన గుంత అడుగు ఉబ్బుతుందేమోనన్న లెక్కకి మాత్రం ల్యాబ్ ఇచ్చిన పాత బలమే వాడాం.